తాడు అందుకునే చేతులు: విక్టోరియా రేవు యాత్ర

కెనడా పశ్చిమాన వాంకూవర్ దీవి దక్షిణపు కొసన ఉన్న విక్టోరియాకు వెళ్లే తెలుగువాళ్లు సాధారణంగా బుచార్ట్ గార్డెన్స్‌లో పూలు చూసి, ఎంప్రెస్ హోటల్ ముందు ఫొటో దిగి, సాయంత్రం ఫెర్రీకి తిరిగి వచ్చేస్తారు. వాంకూవర్ నగరం పక్కనున్న బర్నబీలో మా అమ్మాయి ఇంట్లో వేసవి గడపడానికి విశాఖపట్నం నుంచి వెళ్లిన నేను మాత్రం ఆ ఊరికి ఒక పడవ కథ పట్టుకుని వెళ్లాను. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ పడవను సాగనంపి, నెలల తరబడి దాని జాడ కనిపెట్టుకుని ఉండి, తిరిగి వచ్చాక ఒడ్డుకు కట్టేసుకున్న మనుషులు ఎలాంటివాళ్లో చూడాలని వెళ్లాను.

ఆ పడవ పేరు నెరీడా. దాన్ని నడిపిన జీన్ సోక్రటీస్ 1942లో పుట్టిన బ్రిటిష్ మహిళ. లెక్కల పంతులమ్మగా పనిచేసి విరమించారు. భర్త జార్జితో కలిసి నడివయసులో సముద్రయానం మొదలుపెట్టారు. 2003లో ఆయన క్యాన్సర్‌తో పోయాక ఒంటరిగానే కొనసాగించారు. 2018 అక్టోబర్ 3న విక్టోరియా నుంచి బయలుదేరి, ఏ రేవులోనూ ఆగకుండా, ఎవరి చేతి నుంచీ ఏ వస్తువూ అందుకోకుండా భూమిని చుట్టి, 2019 సెప్టెంబర్ 7న మళ్లీ అదే ఊరికి చేరేనాటికి ఆమెకు 77 ఏళ్లు. అలా చుట్టినవాళ్లలో అందరికంటే పెద్ద వయసన్న రికార్డు అంతకుముందు జపాన్ నావికుడు మినోరు సైతో పేరిట ఉండేది. ఆయన అలాంటి యాత్రను పూర్తిచేసినప్పుడు ఆయన వయసు 71. నేనూ ముప్పై ఏళ్లకు పైగా బడిలో లెక్కలు చెప్పినదాన్నే కాబట్టి ఆమె పట్ల నాకు కొంత పక్షపాతం ఉందని పాఠకులు గ్రహించగలరు.

జూన్ 26, గురువారం: ఆగ్డెన్ పాయింట్

జేమ్స్ బే అనే పాత పేటలో ఒక పెద్దావిడ ఇంట్లో నాకు గది దొరికింది. పొద్దున్నే ఓట్స్ జావ, తన పెరట్లో పెరిగిన రూబార్బ్ కాడలతో చేసిన జామ్ పెట్టారు. ఆ పులుపు మన గోంగూరకు చుట్టం. రెండోసారి అడిగి వేయించుకుంటే ఆవిడ ముఖం విప్పారింది. నేను ఎందుకు వచ్చానో విని, "అయితే ముందు బ్రేక్‌వాటర్ (అలలను ఆపే రాతి గోడ) చివరిదాకా నడవండి, శాలువా మరవకండి" అన్నారు. జూన్ నెలాఖరులో శాలువా ఏమిటని మనసులో నవ్వుకున్నాను కానీ, ఆవిడ మాట విన్నందుకు గంటలోనే సంతోషించాను. హువాన్ డె ఫూకా జలసంధి మీదుగా వచ్చే గాలికి నెలలతో పని లేదు.

మ్యాపు చూపిన వీధిని పైపుల మరమ్మతు కోసం మూసేయడంతో చుట్టు తిరిగి చెక్క ఇళ్ల మధ్య నుంచి వెళ్లవలసి వచ్చింది. అందువల్ల మంచే జరిగింది. ఆ ఇళ్ల ముందు చిన్న చిన్న అరల్లో పుస్తకాలు, పాత గిన్నెలు, ఒకచోట పడవకు కట్టే రబ్బరు బుడ్డలు కూడా "కావలసినవారు తీసుకోవచ్చు" అన్న చీటీతో పెట్టి ఉన్నాయి. అక్కరలేని వస్తువును అమ్మడం కంటే వీధిలో పెట్టడమే ఇక్కడి మర్యాదట.

ఆగ్డెన్ పాయింట్ దగ్గర అలాస్కా వెళ్లే విహార నౌకలు ఆగుతాయి. ఆ జనసందోహం దాటితే బ్రేక్‌వాటర్ మొదలవుతుంది. గ్రానైటు దిమ్మెలు పేర్చి కట్టిన ఈ గోడ వయసు వందేళ్లు దాటింది, పొడవు 762 మీటర్లు. లోపలివైపు గోడ మీద ఈ నేలకు అసలు వారసులైన సాంగీస్, ఎస్క్వైమాల్ట్ తెగల చిత్రకారులు వేసిన పొడవైన చిత్రం ఉంది. చివర చిన్న దీపస్తంభం, ఎదురుగా జలసంధికి అవతల అమెరికాలోని ఒలింపిక్ పర్వతాలు కనిపిస్తాయి. అసలు మహాసముద్రం ఇక్కడినుంచి సుమారు వంద కిలోమీటర్లు పడమరగా ఉంది. అంటే ఇక్కడినుంచి బయలుదేరే తెరచాప పడవ పసిఫిక్ మొహం చూడడానికే పోటుపాట్లతో, ఎదురుగాలితో, సరుకు ఓడల రాకపోకలతో ఒక రోజంతా కుస్తీ పట్టాలి.

2013 జూలై 8న, ఇంకా తెల్లవారకముందే, జీన్ సోక్రటీస్ 259 రోజుల ప్రయాణం ముగించి ఈ ఆగ్డెన్ పాయింట్ దగ్గరే ముగింపు గీత దాటారు. ఆనాటికి ఆమెకు 70 ఏళ్లు. ఒంటరిగా, ఆగకుండా, చేతి సాయం లేకుండా ప్రపంచాన్ని చుట్టిన మహిళల్లో అందరికంటే పెద్దవారిగా ఆమె పేరు రికార్డుకెక్కింది. ఇలాంటి యాత్రకు ఒక నిబంధన ఉంది. గీత దాటేవరకు ఇంజిను బలంతో పడవను నడపకూడదు, ఒడ్డు నుంచి గాని మరో పడవ నుంచి గాని తాడు అందుకోకూడదు. ఎదురు వెళ్లి స్వాగతం చెప్పేవాళ్లు పక్కనే ఉండి కూడా చేతులు కట్టుకుని చూడవలసిందే. సాయం చేయడం అలవాటైన మనుషులకు అంతకంటే కష్టమైన పని ఉంటుందని నేను అనుకోను.

దీపస్తంభం కింద కుక్కను పట్టుకుని నిలబడిన ఒక ముసలావిడతో మాట కలిపాను. 2019లో ఊళ్లోని రేవుగోడ మీద నిలబడి చప్పట్లు కొట్టినవాళ్లలో ఆవిడ కూడా ఉన్నారు. "మేం పడవలవాళ్లం కాము. కానీ ఆ పదకొండు నెలలూ మా వంటింటి గోడకు ప్రపంచ పటం అంటించి, ఆమె పంపే స్థానం చూసి రోజూ ఒక చుక్క పెట్టేవాళ్లం. ఒక్కోసారి చుక్క కదిలేది కాదు. ఆ రోజు మా ఆయనకు భోజనం సయించేది కాదు" అని చెప్పారు. ఆ చుక్కలు నెమ్మదించిన రోజుల్లో సముద్రం మీద జరిగిందేమిటంటే, పెద్ద తెరచాప చిరిగింది. ఆమె దాన్ని దించి, గాలి నెమ్మదించిన వేళల్లో పడవ మీదే కూర్చుని చేతితో కుట్టుకుంటూ వచ్చారు. అది వేరే కథ, మరునాడు ఇంకొంత తెలిసింది.

మధ్యాహ్నం ఫిషర్‌మెన్స్ వార్ఫ్‌కు నడిచాను. నీళ్ల మీద తేలే రంగురంగుల ఇళ్లు, వాటి మధ్య తినుబండారాల కొట్లు ఉన్నాయి. రేవులోని సీల్ జంతువులకు తిండి వేయరాదని బోర్డులు పెట్టారు. హాలిబట్ చేప, బంగాళదుంప వేపుడు, పన్ను, టిప్పు కలిపి దాదాపు 30 డాలర్లు, అంటే మన డబ్బులో పద్దెనిమిది వందల రూపాయల పైచిలుకు. చేప తాజాదే, పైపిండి కరకరలాడింది. కారం అన్నమాటే లేదు. టిప్పు ఎంత ఇస్తారని అడిగే యంత్రాన్ని డబ్బు తీసుకునే అమ్మాయి మన ముఖం ముందు పెట్టి తాను పక్కకు తిరిగి నిలబడుతుంది. ఆ తిరగడంలో ఉన్న మర్యాదకే కాబోలు, అందరూ ఎక్కువ నొక్కుతారు.

చేపల వేపుడుకూ ఈ ఊరి సముద్రయానానికీ పాత బంధం ఉంది. 1950లలో జాన్ గజ్వెల్ అనే యువకుడు ఈ ఊళ్లోనే ఒక చేపల వేపుడు దుకాణం వెనుక గదిలో, ఇరవై అడుగుల పైచిలుకు పొడవున్న ట్రెక్కా అనే పడవను తన చేతులతో కట్టుకున్నాడు. 1955లో బయలుదేరి 1959లో ప్రపంచం చుట్టి వచ్చాడు. చరిత్రలో పడవ పేరు, మనిషి పేరు మిగిలాయి. వెనుక గది ఇచ్చి, రంపపు పొట్టునూ రాత్రిపూట సుత్తి చప్పుళ్లనూ భరించిన దుకాణందారు గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఇలాంటి వెనుక గదులు చూడడానికే నేను వచ్చింది.

జూన్ 27, శుక్రవారం: ఇన్నర్ హార్బర్

పార్లమెంటు భవనానికీ ఎంప్రెస్ హోటల్‌కూ మధ్య ఉన్న నీళ్లను ఇన్నర్ హార్బర్ అంటారు. మెట్లు దిగితే నేరుగా తేలే చెక్క వంతెనల మీదికి వెళ్లవచ్చు. పైన గుర్రపు బండ్లు, పర్యాటకులు. కింద తెరచాప కొయ్యల అడవి. నీటి విమానాలు దిగుతున్నప్పుడు ఎవరి మాటా వినిపించదు. 2019లో నెరీడాకు స్వాగతం చెప్పడానికి జనం పోగయింది ఈ రేవులోనే.

పొద్దున పదింటికి ఒక పడవ లోపలికి వస్తూ, పక్కగాలికి కాస్త అదుపు తప్పింది. అప్పటిదాకా కాఫీ తాగుతున్నవాళ్లు, తుడుస్తున్నవాళ్లు, పేపరు చదువుతున్నవాళ్లు అందరూ ఒక్కసారిగా లేచి వంతెన అంచుకు వచ్చి నిలబడ్డారు. కేకలు లేవు, సలహాలు లేవు. ఇద్దరు చేతులు చాచారు. పడవ మీది నుంచి రెండు తాళ్లు గాలిలో వచ్చాయి. వాటిలో ఒకదాని కొస నా పక్కనున్న వ్యక్తి చేతిలో పడింది, ఆయన దాని మధ్యభాగాన్ని నా చేతికి ఇచ్చారు. "లాగకండి. ఆ ఇనుప కొమ్ముకు ఒక చుట్టు వేసి ఊరికే పట్టుకోండి, బరువంతా కొమ్మే మోస్తుంది" అన్నారు. టన్నుల బరువున్న పడవ తాడును బిగించి, కొమ్ము చుట్టూ కిర్రుమని జారి, ఆగిపోయింది. నా చేతికి తెలిసిన బరువు బజారు సంచీకి మించి లేదు. రాపిడి బలం ఎలా పనిచేస్తుందో పుస్తకంలో ఉన్నదాన్ని పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను, అరచేతికి తెలియడం మాత్రం అప్పుడే.

వచ్చిన పడవలో భార్యాభర్తలు ఉన్నారు. ఇద్దరికీ అరవై దాటింది. వేసవి చివర, శరదృతువు తుఫానులు మొదలవకముందే దక్షిణంగా మెక్సికో వైపు వెళ్లే ప్రయత్నంలో ఉన్నారు. తాడు పట్టినందుకు టీకి పిలిచారు. పడవ ఎక్కేముందు అనుమతి అడగాలి, చెప్పులు విప్పాలి. ఇళ్లలోకి బూట్లతో నడిచేవాళ్ల దేశమని మనం అనుకుంటాం గానీ, పడవ మీద వీళ్లు మనకంటే నిష్ఠగా ఉంటారు. లోపల ప్రతి అంగుళానికీ ఒక పని ఉంది. పడక కింద నీళ్ల తొట్టి, మెట్ల కింద ఇంజిను, బెంచీ కింద పప్పుల డబ్బాలు. ఆవిడ ఒక అట్టపెట్టె తెరిచి గుడ్లు చూపించారు. దుకాణంలో కడిగి అమ్మే గుడ్లు ఫ్రిజ్ లేకుండా నిలవ ఉండవట. అందుకని ఊరి బయట కోళ్లు పెంచే రైతుల దగ్గరికి వెళ్లి కడగని గుడ్లు ప్రత్యేకంగా అడిగి తెచ్చుకుంటారు. పెంకుకు వాసెలిన్ పూసి, వారానికోసారి పెట్టెను తిరగేస్తారు. "ఆ రైతు ఒకప్పుడు డబ్బు తీసుకునేవాడు. మేం పంపిన ఫొటోలు చూశాక తీసుకోవడం మానేశాడు. అది నాకు బాగాలేదు, అందుకే ఇప్పుడు వాళ్ల పిల్లలకు లెక్కలు చెప్పి తీరుస్తున్నాను" అన్నారు. ఆవిడ వృత్తి ఏమిటో నేను అడగలేదు. ఇక్కడ తొలి పరిచయంలో ఉద్యోగం, జీతం, పిల్లల పెళ్లిళ్లు అడగరు. గాలి ఎటు వీస్తోందన్నది ఎంతసేపైనా మాట్లాడతారు.

జీన్ సోక్రటీస్ గురించి ఎత్తితే ఆవిడ భర్త ఒక మంచి మాట చెప్పారు. పూర్తయిన ప్రయాణాల వివరాలే అందరికీ తెలుసు. తోటి మనుషుల సాయం ఎంతో తెలియాలంటే పూర్తికాని ప్రయాణాలు చూడమన్నారు. నిజమే. 2008లో ఆమె మొదటి నెరీడా, ప్రపంచయాత్ర ముగింపుకు అతి చేరువలో, మెక్సికో తీరంలో ఇసుక ఎక్కి నాశనమైంది. కొత్త పడవ కట్టించుకుని 2009లో కెనరీ దీవుల నుంచి బయలుదేరితే ఇంజిను ఇబ్బందితో కేప్ టౌన్‌లో ఆగవలసి వచ్చింది. 2010లో విక్టోరియా నుంచి బయలుదేరితే 2011 జనవరిలో కేప్ హార్న్ సమీపంలో పెద్ద అల పడవను పడగొట్టి, తెరచాప అడుగు దూలాన్ని విరిచేసింది. అర్జెంటీనాలోని ఉషువాయాలో మరమ్మతు చేయించుకుని, రేవు రేవునా ఆగుతూ ఆమె విక్టోరియా చేరుకున్నారు. రికార్డుకు పనికిరాని ఆ దారిలోనే కొత్త కొయ్య చేసినవాళ్లు, తీగలు బిగించినవాళ్లు, పడవను ఒడ్డెక్కించినవాళ్లు, ఇంట్లో భోజనం పెట్టినవాళ్లు ఉన్నారు. ఓషన్ క్రూజింగ్ క్లబ్ లాంటి సంఘాలకు ప్రపంచమంతటా రేవుల్లో పోర్ట్ ఆఫీసర్లు అనే స్వచ్ఛంద ప్రతినిధులు ఉంటారు. జీతం లేదు, యూనిఫాం లేదు. వచ్చిన నావికుడికి ఏ వెల్డరు నమ్మకస్థుడో చెప్పడం, కస్టమ్స్ కాగితాలు ఎక్కడ ఇవ్వాలో చూపించడం వాళ్ల పని. 1954లో పుట్టిన ఆ క్లబ్బులో పూర్తి సభ్యత్వానికి డబ్బు ఒక్కటే చాలదు, చిన్న పడవలో ఒకే విడతలో వెయ్యి నాటికల్ మైళ్ల ప్రయాణం చేసి ఉండాలి.

2017లో మరో దెబ్బ తగిలింది. ఒడ్డున నిలబెట్టిన పడవ మీద పనిచేస్తూ ఆమె కింద పడి, మెడ ఎముక, పక్కటెముకలు విరిగాయి. ఆ వయసులో అలాంటి దెబ్బ తగిలితే మన ఇళ్లలో ఏమంటామో నాకు బాగా తెలుసు. "ఇక చాలు, కృష్ణా రామా అనుకో" అంటాం. ఆమె మరుసటి ఏడే బయలుదేరారు.

మధ్యాహ్నం తెరచాపలు కుట్టే శాలకు వెళ్లాను. టీ ఇచ్చిన దంపతులే ఫోన్ చేసి చెప్పారు. పెద్ద హాలు, నున్నటి చెక్క నేల, చెప్పులు బయటే. కుట్టుమిషన్ నేల మట్టానికి సమంగా ఉంది. కుట్టే ఆమె గుంటలో కూర్చుని పనిచేస్తోంది. తెరచాప మడత పడకుండా నేల మీద జారాలంటే అదొక్కటే మార్గమట. ఆమె అరచేతికి తొడుక్కునే తోలు పట్టీ చూపించింది. బొటనవేలు దూరే కన్నం, అరచేతి మధ్యలో గుంటలు పడిన ఇనుప బిళ్ల. మూడు పలకల సూది మొనను గుడ్డకు ఆనించి, వెనుక కొసను ఆ బిళ్లతో నెట్టాలి. మైనం పూసిన దారం గుడ్డలోంచి వెళ్లేటప్పుడు చిన్న శబ్దం చేస్తుంది. నేను నాలుగైదు కుట్లు వేసేసరికి మణికట్టు నొప్పెట్టింది. నేల మీద కదలకుండా పరిచిన గుడ్డ సంగతే ఇది. ఒరిగే పడవ మీద, తడిచి బిర్రబిగిసిన తెరచాపను ఒడిలో పెట్టుకుని రోజుల తరబడి కుట్టడం ఊహించుకోవడానికి ఆ నొప్పి సరిపోయింది.

"ఎండకు ముందు చచ్చేది గుడ్డ కాదు, దారం. అందుకే దూరం వెళ్లేవాళ్లు వస్తే నేను కుట్లన్నీ మీద మీద మళ్లీ వేస్తాను. డబ్బాలో సూదులు, పట్టీ, అంటించే గుడ్డ ముక్కలు పెడతాను. సగం రోజు కూర్చోబెట్టి నేర్పిస్తాను. సముద్రం మధ్యలో నేను వెళ్లి కుట్టలేను కదా" అంది. బిల్లులో ఆ సగం రోజు రాస్తావా అని అడిగితే, మాట మార్చి తుప్పు పట్టిన ఒక తెరచాప ఉంగరం సంగతి చెప్పడం మొదలుపెట్టింది.

రాత్రి భోజనం యూనివర్సిటీలో చదువుకునే తెలుగు పిల్లల గదిలో చేశాను. మా అమ్మాయి స్నేహితురాలి తమ్ముడు అందులో ఒకడు. టమాటా పప్పు, అప్పడాలు, గుంటూరు నుంచి వచ్చిన ఆవకాయ. "ఆంటీ, ఒక్కరే తిరుగుతున్నారా?" అని వాళ్లు ఆశ్చర్యపోతుంటే నాకు నవ్వొచ్చింది. పొద్దుటినుంచి నేను విన్న కథల్లో ఒంటరితనానికి కొలత వేరు.

జూన్ 28, శనివారం: రేడియో శిబిరం

ప్రతి ఏటా జూన్ చివరి వారాల్లో ఒక శని ఆదివారాలు ఉత్తర అమెరికా అంతటా హామ్ రేడియోవాళ్లు, అంటే డబ్బు కోసం కాక ఇష్టంతో సొంత రేడియో కేంద్రాలు నడిపేవాళ్లు, ఫీల్డ్ డే జరుపుతారు. కరెంటు స్తంభాలతో పని లేకుండా బ్యాటరీలతో, జనరేటర్లతో పార్కుల్లో కేంద్రాలు పెట్టి, అత్యవసర సమయంలో ఎంతమందిని అందుకోగలమో పరీక్షించుకుంటారు. చూడడానికి ఎవరైనా వెళ్లవచ్చు. చెట్టు కొమ్మల మీదికి విసిరిన తీగలు, మడత బల్లలు, ఒక టెంటులో కూరగాయల సూప్, రొట్టెలు. సూప్‌కు ధర లేదు, పక్కన ఒక డబ్బా పెట్టారు. నేను ఐదు డాలర్లు వేశాను.

ఎనభైకి దగ్గరపడ్డ ఒక పెద్దాయన నాకు పక్కన కుర్చీ వేశారు. జీన్ సోక్రటీస్ రేడియో సంకేతం వీఈ-0-జేఎస్ అని ఆయన నోట గోత్రనామంలా వచ్చింది. ఈ రాష్ట్రంలో నేల మీది వాళ్లకు వీఈ-7 ఉంటుంది, సముద్రం మీద తిరిగేవాళ్లకు వీఈ-0. హ్రస్వ తరంగాలు ఆకాశపు పై పొరకు తగిలి తిరిగి నేలకు వంగుతాయి కాబట్టి, చిన్న పడవ మీది వంద వాట్ల యంత్రం కూడా వేల మైళ్ల అవతల వినిపిస్తుంది. ఈమెయిల్ సైతం అదే తరంగాల మీద పంపవచ్చు. దాన్ని అందుకునే ఒడ్డు కేంద్రాలను విన్‌లింక్ అనే వ్యవస్థలో స్వచ్ఛంద సేవకులు సొంత ఖర్చుతో, సొంత ఇళ్లలో నడుపుతారు. హామ్ రేడియోలో డబ్బు పుచ్చుకోవడం నిషేధం. ఒడ్డు నుంచి వస్తువు అందకూడదన్న నిబంధన మాటకు వర్తించదు. వాతావరణం చెప్పవచ్చు, యంత్రం ఎలా విప్పాలో చెప్పవచ్చు, ఊరికే పలకరించవచ్చు.

నాది విశాఖపట్నం అనగానే ఆయన వీయూ-4-ఆర్‌బీఐ తెలుసా అని అడిగారు. నాకు ఎక్కడో విన్నట్టుంది. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున 2004 డిసెంబర్‌లో అండమాన్ వెళ్లి, పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రసారం చేసిన బృందానికి నాయకురాలు భారతీ ప్రసాద్ సంకేతమది. ప్రపంచమంతటా హామ్‌లు ఆ సంకేతాన్ని పట్టుకోవడానికి పోటీపడుతుండగానే 26వ తేదీన సునామీ వచ్చింది. ఆ రోజే వేడుక యంత్రాలు సహాయ యంత్రాలయ్యాయి, దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య కబురు మోశాయి. విక్టోరియాలో చెట్టు కింద కూర్చున్న ఒక కెనడా ముసలాయన ఆ సంగతి నాకు చెప్పడం, నేను తల ఊపుతూ వినడం కొంత సిగ్గుగానే అనిపించింది.

రాత్రి ఎనిమిదికి, ఇంకా ఎండ ఉండగానే, ఆయన 14.300 మెగాహెర్ట్జ్‌కు తిప్పారు. పసిఫిక్ సీఫేరర్స్ నెట్ ఆ తరంగం మీద రోజూ పిలుపు జరుపుతుంది. బుసలు, ఈలల మధ్య నుంచి ఒక గొంతు పడవల పేర్లు ఒక్కొక్కటే పిలిచింది. పిలిచిన పడవ అక్షాంశం, రేఖాంశం, గాలి, అలల ఎత్తు, మేఘాలు, అంతా క్షేమం అని చెబుతుంది. ఒక పడవ జవాబు సరిగా వినిపించకపోతే మరెక్కడో ఉన్న శ్రోత, "నాకు వినిపించింది, నేను చెబుతాను" అని అందుకుంటాడు. బడిలో హాజరు వేసినన్నేళ్లూ అదొక తంతు అనుకున్నాను. ఇక్కడ ఒక పేరుకు జవాబు రాలేదు. రెండోసారి పిలిచారు. మా టెంటులో సూప్ గిన్నెల చప్పుడు ఆగింది. మూడోసారికి సన్నగా, నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టు ఒక ఆడగొంతు తన స్థానం చెప్పింది. పెద్దాయన పెన్సిల్‌తో రాసుకుని, నా వైపు చూడకుండానే, "బ్యాటరీ తక్కువైనట్టుంది, రేపు కూడా వినాలి" అన్నారు. ఆ పడవతో ఆయనకు ఏ సంబంధమూ లేదు.

జూన్ 29, ఆదివారం: కాడ్బరో బే

చివరి పూట బస్సెక్కి కాడ్బరో బేకు వెళ్లాను. దిగేటప్పుడు ప్రతి ఒక్కరూ డ్రైవరుకు థ్యాంక్యూ చెప్పి దిగుతారు, వెనుక తలుపు నుంచి దిగేవాళ్లు సైతం గట్టిగా అరిచి మరీ చెబుతారు. 1892లో స్థాపించిన రాయల్ విక్టోరియా యాట్ క్లబ్ రేవు ఇక్కడే ఉంది. గేటు దాటి వెళ్లడానికి సభ్యులు కానివారికి వీల్లేదు కాబట్టి ఇసుకలో కూర్చుని, బడిపిల్లలు చిన్న పడవలు నేర్చుకోవడం చూశాను. ఒక పాప పడవ బోర్లా పడితే, రబ్బరు పడవలో ఉన్న గురువు దగ్గరగా వెళ్లి ఆగిందే తప్ప చేయి వేయలేదు. పాప ఏడ్చింది, తిట్టింది, ఎక్కి కూర్చుంది.

ఇసుకలో నా పక్కన కూర్చున్న ఒక తల్లి మీ దేశంలో ఆడవాళ్లు ఇలా వెళ్తారా అని అడిగింది. ఆ ప్రశ్న వేళకు వచ్చింది. నెల కిందటే, 2025 మే 29న, లెఫ్టినెంట్ కమాండర్లు దిల్నా, రూప మన నౌకాదళానికి చెందిన తారిణి అనే తెరచాప పడవ మీద ఇద్దరే భూమి చుట్టి గోవా చేరారు. అదే తారిణి 2017లో బయలుదేరినప్పుడు ఆరుగురు మహిళల్లో మా విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. ఆవిడ మెచ్చుకుని, "మరి మీ ఊళ్లో మామూలు ఆడవాళ్లు?" అంది. మన దగ్గర ఆ ప్రయాణాల వెనుక నౌకాదళం ఉంది, శిక్షణ ఉంది, ప్రభుత్వం ఉంది, అది గొప్పదే. కానీ విశాఖలో సొంత పడవతో ఒక రిటైర్డ్ టీచరు బయలుదేరాలనుకుంటే ఆమెకు తెరచాప కుట్టేదెవరు, కడగని గుడ్లు ఇచ్చేదెవరు, రాత్రి ఎనిమిదికి పేరు పిలిచేదెవరు? మా జాలరిపేటలో తాడు పట్టే చేతులకు కొదవ లేదు. అయితే ఆ చేతులకూ ఇలాంటి ఆశలున్న ఆడవాళ్లకూ మధ్య పరిచయం లేదు. ఇదే దేశం తూర్పు తీరంలో, ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలో, దక్షిణాఫ్రికా నావికురాలు కిర్‌స్టెన్ నాయ్‌షేఫర్ తన పడవ మిన్నెహాహాను సిద్ధం చేసుకుని, ఒంటరిగా, ఆగకుండా ప్రపంచాన్ని చుట్టే గోల్డెన్ గ్లోబ్ పడవ పందెం 2023లో గెలిచింది. మన అభిలాష్ టామీ రెండో స్థానంలో వచ్చింది ఆ పందెంలోనే. ఎక్కడినుంచో వచ్చిన ఆడమనిషి పడవను తమ ఊరి పనిగా ఎత్తుకోవడం ఈ దేశపు రెండు తీరాల్లోనూ ఉన్నట్టుంది.

ఖర్చుల సంగతి అడిగేవారి కోసం: ఫెర్రీ, గది, బస్సులు, తిండి అన్నీ కలిపి ఆరువందల డాలర్లు దాటింది, అందులో పెద్ద భాగం గదికే. ఎంప్రెస్‌లో మధ్యాహ్నపు టీ తాగాలంటే దాని మీద మరో వంద దాకా వేసుకోవాలి, నేను తాగలేదు. వెళ్లదలచినవారు ఫీల్డ్ డే ఉన్న వారాంతం చూసుకుని వెళ్తే మంచిది. రేవులోకి పొద్దున తొమ్మిది, పదింటి మధ్య వెళ్లండి, పడవలు ఎక్కువగా అప్పుడే కదులుతాయి. ఎవరైనా తాడు విసిరితే ముందు కొమ్ముకు చుట్టండి, కబుర్లు తరవాత.